‘అర్థమైంది మేడం’ అన్నవాళ్లకి ఎంత అర్థమైంది?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మెగా డీఎస్సీలో సెలెక్టయి గుంటూరుకి దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఎనిమిదో తరగతిలో 42 మంది. పాఠం చెప్పి ‘అర్థమైందా?’ అంటే క్లాసంతా ఒక్క గొంతుతో ‘అర్థమైంది మేడం’ అంటారు. స్లిప్ టెస్టు పెడితే సగం మంది తెల్లకాగితం ఇస్తారు. పూర్ణసంఖ్యల కూడికలే రానివాళ్లకి సమీకరణాలు ఎలా చెప్పాలి? వెనక్కి వెళితే సిలబస్ ఆగిపోతుంది, ముందుకెళితే పిల్లలు ఆగిపోతున్నారు. మిర్చి యార్డులో హమాలీ చేసే ఆయన కొడుకొకడు ఉన్నాడు. సెలవు రోజుల్లో నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తాడు. టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, క్వింటాలు రేటు చెబితే నోటితో టకటకా లెక్క కట్టేస్తాడు. కాగితం మీద 5.4 × 14 ఇస్తే 756 వేశాడు. వాడికి లెక్కలు వచ్చినట్టా, రానట్టా? నాలుగు సెక్షన్ల నోటుబుక్కులు దిద్దేసరికి రాత్రి పదకొండవుతోంది, అయినా అవే తప్పులు మళ్లీ చేస్తున్నారు. పేరెంట్స్ మీటింగులో ఒకాయన ‘మా పెద్దమ్మాయి ప్రైవేటులో చదువుతోంది, వారం వారం టెస్టు పెట్టి ర్యాంకు చెబుతారు, మీరేమీ చెప్పరే?’ అన్నారు. ఏమనాలో తోచలేదు.
– ఒక లెక్కల టీచరు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు బాధలున్నాయి గానీ వాటన్నిటికీ వేరు ఒక్కచోటే ఉంది. పిల్లలకి ఏం వచ్చిందో, ఏం రాలేదో మీకు స్లిప్ టెస్టు దిద్దిన రాత్రి తెలుస్తోంది. అప్పటికి పాఠం అయిపోయింది, మీరు తర్వాతి చాప్టర్లో ఉన్నారు. ఆ సంగతి పాఠం నడుస్తుండగానే, బెల్లు కొట్టేలోపే తెలియాలి. తెలిసినదాన్ని బట్టి రేపటి పాఠం మారాలి. నేను చెప్పదలిచింది ఇంతే. అది ఎలా అన్నదే కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా ‘అర్థమైందా?’ అని అడగడం మానెయ్యండి. ఆ మాట వినగానే పిల్లలకి పీరియడ్ అయిపోవస్తోందని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. అర్థం కాలేదని చెప్పాలంటే ఒక పిల్ల మిగతా నలభై ఒక్కమంది ముందు లేచి నిలబడాలి. పైగా ఏది అర్థం కాలేదో చెప్పాలంటే చాలావరకు అర్థమై ఉండాలి. బొత్తిగా తెలియని పిల్లకి తనకేం తెలియదో కూడా తెలియదు. ఇక ‘అర్థమైంది మేడం’ అనడం తప్ప దారేది?

మన బళ్లలో ఇంకో అలవాటుంది, మీకూ ఉండే ఉంటుంది. ‘త్రిభుజంలో మూడు కోణాల మొత్తం నూటా...’ అని సాగదీస్తాం. ‘ఎనభై!’ అని పైకప్పు లేచిపోతుంది. పక్క క్లాసులో బయాలజీ మేడం ‘ఫోటో...’ అంటారు, ‘సింథసిస్!’ అని కేక. వరండాలో వెళ్తున్న హెడ్‌మాస్టారికి స్కూలు బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ కేకలో జవాబు ముందు బెంచీ అయిదారుగురిది, మిగతాదంతా గొంతు. తెలియనివాడు అర సెకను ఆగి, పక్కవాడి నోరు చూసి, చివరి రెండక్షరాలు అందుకుంటాడు. దీనికి ఎంత నైపుణ్యం కావాలో మీరెప్పుడైనా వెనక బెంచీలో కూర్చుని చూడండి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. క్లాసు విషయంలో ఆ మాట నమ్మొద్దు. చెయ్యెత్తిన పిల్ల జవాబు చెబితే ఆ ఒక్క మెతుకు ఉడికినట్టే, మిగతా నలభై ఒకటి ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు. అందుకని ప్రశ్న అడిగితే అందరూ ఒకేసారి, ఎవరికి వారు జవాబు చూపించేలా ఉండాలి.

ఉదాహరణకి సమీకరణాల పాఠానికి ముందు ‘−3 − 5 ఎంత?’ అని బోర్డు మీద రాసి నాలుగు జవాబులివ్వండి: 1) 8, 2) −8, 3) 2, 4) −2. ఇవి ఏవో నాలుగు అంకెలు పడేసినవి కావు. 8 అన్నవాడు గుణకారం దగ్గర నేర్చుకున్న ‘మైనస్ మైనస్ ప్లస్’ మంత్రాన్ని ఇక్కడ చదివాడు. −2 అన్నవాడు ‘తీసేసి పెద్దదాని గుర్తు పెట్టు’ అన్న సూత్రాన్ని, గుర్తులు ఒకటే అయినచోట వాడాడు. 2 అన్నవాడికి తెలిసిన తీసివేత ఒక్కటే: పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యడం. ముందున్న మైనస్‌ని వాడు అసలు చూడనే లేదు. స్లిప్ టెస్టులో ఈ ముగ్గురికీ సున్నాయే. కానీ ముగ్గురికీ చెప్పాల్సింది వేరు వేరు. మొదటివాడికి కూడికా గుణకారమా అన్న తేడా చూపించాలి. రెండోవాణ్ణి సంఖ్యారేఖ మీద సున్నా నుంచి ఎడమకి మూడు, అక్కణ్ణించి ఇంకా ఎడమకే అయిదు నడిపించాలి. మూడోవాడికి మూడు రూపాయలు అప్పున్న మనిషి ఇంకో అయిదు అప్పు చేస్తే ఏమవుతుందో అడిగితే చాలాసార్లు తనే పట్టుకుంటాడు.

ఇలాంటి తప్పు జవాబులు మీరు కూర్చుని కల్పించక్కర్లేదు. మీరు దిద్ది కట్టగట్టిన స్లిప్ టెస్టు కాగితాలు బీరువాలో ఉంటాయి కదా, అవి తియ్యండి. ఒకే తప్పు జవాబు ఐదారు కాగితాల్లో కనిపిస్తే అది అజాగ్రత్త కాదు, దాని వెనక ఒక ఆలోచన ఉంది. దాన్నే ఆప్షన్‌గా పెట్టండి. 2x + 3 ని 5x అని కలిపేసేవాళ్లు, 0.35 పెద్దదా 0.4 పెద్దదా అంటే 35 పెద్దది కాబట్టి 0.35 అనేవాళ్లు ఏ బడికి వెళ్లినా ఉంటారు.

జవాబు చూపించడానికి వేళ్లు చాలు. ఒకటో ఆప్షన్‌కి ఒక వేలు, రెండోదానికి రెండు. చెయ్యి తలపైకి కాకుండా గుండె దగ్గర పెట్టి చూపించమనండి, వెనకవాళ్లు చూసి దించడానికి కుదరదు. ‘ఆలోచించండి... ఇప్పుడు చూపించండి’ అన్నాకే వేళ్లు రావాలి. లెక్క చేసి చూపించాల్సినవాటికి పలకలు తెప్పించండి. ఎనిమిదో తరగతి వాళ్లకి పలక అంటే నామోషీ. అలాగైతే రఫ్‌బుక్కు చివరి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఎత్తమనండి. ప్లాస్టిక్ కవర్లో తెల్లకాగితం పెట్టి దానిమీద మార్కర్‌తో రాయించే టీచర్లూ ఉన్నారు. వస్తువు ఏదైనా ఒకటే, నలభై రెండు జవాబులు ఒక్క చూపులో మీ కళ్లముందు ఉండాలి.

చూశాక ఏం చెయ్యాలన్నది అసలు సంగతి. ఎక్కువమందికి సరిగ్గా వస్తే ముందుకెళ్లిపోండి, మిగిలిన నలుగురైదుగుర్నీ తర్వాత విడిగా చూసుకోవచ్చు. సుమారు సగం మందికే వస్తే సరైన జవాబు చెప్పకండి. ‘పక్కవాళ్లది మీదానికి వేరుగా ఉంటే ఎందుకో రెండు నిమిషాలు వాదించుకోండి’ అని వదిలేసి మళ్లీ వేళ్లు చూపించమనండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి యూనివర్సిటీ పిల్లల చేత చేయిస్తున్నది ఇదే. మన హైస్కూలు పిల్లలకి వాదించుకోవడం ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు, దానికో అవకాశం ఇస్తే చాలు. ఇక పదిమందికి కూడా రాకపోతే మీ పాఠం అందలేదని అర్థం. అదే మాటల్ని ఇంకొంచెం గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు, వేరే దారిలో చెప్పాలి.

నోటితో అడిగే ప్రశ్నల గురించి ఒక మాట. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్సు క్లాసులు రికార్డు చేసి విన్నారు. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగి, ఇంకొకర్ని అడగడమో, తనే చెప్పెయ్యడమో చేస్తున్నారు. మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టారు. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగుతున్నారనీ, వెనకబడ్డారనుకున్న వాళ్లకి తక్కువ టైమిస్తున్నారనీ కూడా ఆవిడ గమనించారు. నిజానికి ఎవరికి ఎక్కువ టైము కావాలి? మీరు మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టుకోండి. మొదటిరోజు ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది. పిల్ల జవాబు చెప్పగానే ‘వెరీ గుడ్’ అనకుండా ఇంకో మూడు లెక్కపెట్టండి. చాలాసార్లు ‘ఎందుకంటే మేడం...’ అని అసలు జవాబు అప్పుడొస్తుంది.

చేతులెత్తే పద్ధతి కూడా పక్కన పెట్టండి. రోల్ నంబర్లు రాసిన చీటీలు ఒక డబ్బాలో వేసి, ముందు ప్రశ్న అడిగి, ఆగి, ఆ తర్వాత చీటీ తియ్యండి. వరస ముఖ్యం. ముందే చీటీ తీస్తే మిగతా నలభై ఒకరూ ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి చూస్తారు. పిలిచిన పిల్ల చెప్పలేకపోతే నిలబెట్టకండి. ఇంకొకరు చెప్పాక ‘ఇప్పుడు వాడు చెప్పింది నీ మాటల్లో చెప్పు’ అని మళ్లీ ఆ పిల్ల దగ్గరికే రండి.

ఇక ఇంకో రకం చీటీల సంగతి, ఇవి పిల్లలు జవాబు రాసిచ్చేవి. పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్క ప్రశ్న ఇచ్చి రాయించి తలుపు దగ్గర తీసుకోండి. మార్కుల్లేవు. స్టాఫ్‌రూంలో టీ వచ్చేలోపు మూడు కుప్పలు వేసెయ్యొచ్చు: వచ్చినవాళ్లు, ఒక మెట్టు దగ్గర జారినవాళ్లు, మొదలే పెట్టలేనివాళ్లు. ఎర్ర పెన్ను ముట్టుకోవద్దు. మర్నాడు రెండో కుప్పలోంచి ఒక చీటీ, పేరు లేకుండా బోర్డు మీద ఉన్నదున్నట్టు రాసి ‘ఇందులో ఎక్కడిదాకా కరెక్టు? ఎక్కడ దారి తప్పింది?’ అని అడగండి. రాసిన పిల్లకి తన రాత తెలుస్తుంది, మిగతావాళ్లకి తెలియదు, తప్పు మాత్రం అందరికీ కనిపిస్తుంది. రోజూ అన్ని సెక్షన్లకీ చెయ్యబోతే వారంలో విసిగిపోతారు. సెక్షన్‌కి వారానికి రెండుసార్లు పెట్టుకోండి.

తెల్లకాగితాల గురించి ఒక అనుమానం. అందులో ఎంతమందికి లెక్క రాలేదు, ఎంతమందికి ప్రశ్న చదవడం రాలేదు? మీ పిల్లలు ఇంగ్లిషు మీడియంలో రాస్తున్నారు కదా. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నా, పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఆ ఎదురు పేజీ ఉండదు. తెల్లకాగితం ఇచ్చిన ఓ నలుగుర్ని పిలిచి అదే ప్రశ్న తెలుగులో చదివి వినిపించండి. ఇద్దరైనా చేసేస్తారని నా నమ్మకం. వాళ్లకి కావలసింది లెక్కల్లో రెమెడియల్ కాదు, ‘ఫైండ్’, ‘సింప్లిఫై’, ‘హౌ మెనీ మోర్’ లాంటి పరీక్ష మాటల జాబితా. గోడకి అంటించండి, రోజూ రెండేసి వాడండి. చీటీల మీద ప్రశ్న రెండు భాషల్లోనూ ఇవ్వండి, జవాబు ఏ భాషలో రాసినా తీసుకోండి.

ఇప్పుడు మీ యార్డు కుర్రాడి దగ్గరికి వద్దాం. ఉత్తరంలో నాకు బాగా నచ్చినవాడు వాడే. ఒక టిక్కీ 45 కిలోలు, క్వింటాలు 14,000 రూపాయలు అనుకుని పన్నెండు టిక్కీలకి ఎంతొస్తుందో అడిగి చూడండి. వాడు దాదాపు ఇలా చెబుతాడు: పది టిక్కీలు నాలుగు క్వింటాళ్ల యాభై, రెండు టిక్కీలు తొంభై, మొత్తం అయిదు క్వింటాళ్ల నలభై. అయిదు క్వింటాళ్లకి డెబ్భై వేలు. పది కిలోలు పద్నాలుగు వందలు, నలభైకి అయిదు వేల ఆరొందలు. మొత్తం డెబ్భై అయిదు వేల ఆరొందలు. పన్నెండుని పదిగా, రెండుగా విడగొట్టి గుణించి కలిపాడు. అయిదు క్వింటాళ్ల నలభైని అయిదు క్వింటాళ్లుగా, నలభై కిలోలుగా విడగొట్టి మళ్లీ అదే చేశాడు. మీరు బోర్డు మీద విభాగ న్యాయం అని రాసేది వాడు రెండుసార్లు వాడాడు. మీరిచ్చిన 5.4 × 14 కూడా ఆ లెక్కే కదమ్మా! జవాబు 75.6, అంటే డెబ్భై అయిదు వేల ఆరొందలే. వాడు 756 వేశాడంటే గుణకారం వచ్చు. 5.4 అనే రాతకీ అయిదు క్వింటాళ్ల నలభై కిలోలకీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇది మన గుంటూరు ఒక్కచోటే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే అయిదుగురు పిల్లల మీద జరిగిన పరిశోధన 1985లో అచ్చయింది. పరిశోధకులు ముందు కొనేవాళ్లలాగా వెళ్లి లెక్కలడిగారు. పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కలు కాగితం, పెన్సిలు ఇచ్చి అడిగారు. కథలాగా ఇచ్చినవాటిలో 74 శాతం, ఉత్త అంకెలుగా ఇచ్చినవాటిలో 37 శాతం. అందులో పన్నెండేళ్ల కుర్రాడు 35 చొప్పున పది కాయలకి ఎంతో చెప్పడానికి మూడు కాయలు 105, ఇంకో మూడు 210, ఇంకో మూడు 315, ఒకటి కలిపితే 350 అని వచ్చాడు. పది పెట్టి గుణించాలంటే సున్నా పక్కన పెడితే సరిపోతుందని బడి చెప్పింది, వాడికి మూడేసి కాయల ధర నోటికొచ్చు.

కాబట్టి మీ వాడికి లెక్కలు వచ్చు, రాత రాదు. వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి వాడి నోటి లెక్క వాడి మాటల్లోనే చెప్పించండి, మీరు పక్కన గుర్తుల్లో రాస్తూ పోండి. ‘అయిదు క్వింటాళ్ల నలభై కిలోలు’ అన్నప్పుడు 5.40 అని రాయండి. తర్వాత అడగండి: ‘అయిదు క్వింటాళ్ల నాలుగు కిలోలు ఎలా రాస్తావు?’ క్లాసంతా వేళ్లు చూపించే ప్రశ్న ఇది: 1) 5.4, 2) 5.04, 3) 54. 5.4 అన్నవాళ్లకి దశాంశ స్థానం తెలియదని తేలుతుంది. 0.35, 0.4 గొడవ కూడా ఇక్కడే తీరుతుంది, ముప్ఫై అయిదు కిలోలా, నలభై కిలోలా అంటే ఎవరూ తడబడరు. ఒక్క జాగ్రత్త: వాడి ఇల్లు, వాళ్ల నాన్న పని క్లాసులో ఉదాహరణ చెయ్యకండి. టిక్కీల లెక్క అందరిదీ అన్నట్టు అడగండి. మీ క్లాసులో మిరప కోతలకి వెళ్లే ఇళ్ల పిల్లలు వాడొక్కడే ఉండడు.

కోతలంటే గుర్తొచ్చింది, జనవరి దాటాక కొందరు పిల్లలు వారాల తరబడి రారు. వచ్చినరోజు ‘ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు’ కాకుండా, వాళ్లు లేనప్పుడు పెట్టిన చీటీల్లోంచి మూడు ఇచ్చి ఎక్కడ అందుకోవాలో చూడండి.

వెనక్కి వెళ్లాలా, ముందుకు వెళ్లాలా అన్నారు. అయిదో తరగతి సిలబస్ మొత్తం తిరగదోడాలనుకుంటే ఏప్రిల్ వచ్చినా తెమలదు. రేఖీయ సమీకరణాలకి ఏం కావాలో అంతే వెనక్కి వెళ్లండి: పూర్ణసంఖ్యల కూడిక, తీసివేత, సమానం గుర్తుకి రెండు పక్కలా ఒకటే చెయ్యడం, 12/4 అంటే భాగించడమే అన్న ఎరుక. నాలుగే. ప్రతి పీరియడ్ మొదటి పది నిమిషాలు వీటిలో ఒకదానికి కేటాయించండి, ఆ రోజు పాఠంలో అవసరమయ్యేదానికే. భిన్నాలు, కసాగు ఈ సమీకరణాల్లో ఎప్పుడు తగిలితే అప్పుడు చూసుకోవచ్చు.

జట్లు కట్టించేటప్పుడు ‘లీడర్’ పద్ధతి వద్దు. మన గ్రూపుల్లో జరిగేది మీకు తెలుసు, లీడరు రాస్తుంది, మిగతా ముగ్గురు దించుకుంటారు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒక్క నియమం పెట్టండి: చెప్పేవాళ్ల చేతిలో పెన్ను ఉండకూడదు. వచ్చినవాడు నోటితో చెప్పాలి, రానివాడు రాయాలి. ‘అది అక్కడ పెట్టు, ఇది ఇటు తే’ అంటే అవతలివాడికి అర్థం కాదు కాబట్టి ‘రెండు పక్కలా మూడు తీసెయ్’ అని సరిగ్గా చెప్పక తప్పదు. చివర్లో చీటీ తీసి ఇద్దరిలో ఎవరిని అడిగినా చెప్పాలి. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌కి ఇది మరీ పనికొస్తుంది. ఆ టైములో మీరు చెబుతుంటే వినేవాళ్లు ఎలాగూ ఉండరు.

నోటుబుక్కులు. నాలుగు సెక్షన్లంటే నూట అరవై పైన. రాత్రి పదకొండు గంటలకి పెట్టే టిక్కులు ఎవరికోసం? ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఒక జట్టు పిల్లలకి మార్కులు మాత్రమే ఇచ్చారు, ఒక జట్టుకి ఎలా సరిచేసుకోవాలో వ్యాఖ్య మాత్రమే రాశారు, మూడో జట్టుకి రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్యల జట్టు. రెండూ ఇచ్చిన జట్టుకి వ్యాఖ్యల లాభం దక్కలేదు. మార్కు కనబడితే పిల్ల కళ్లు ముందు మార్కు మీదికి, తర్వాత పక్కదాని మార్కు మీదికి పోతాయి, మీ రాత మీదికి రావు. మీరు పది లెక్కల్లో ఒక్కటే లోతుగా చూడండి. ‘గుడ్’, ‘ఇంప్రూవ్’ కాకుండా ‘మూడో మెట్టులో గుర్తు చూసుకో’ అని రాయండి. మిగతా తొమ్మిదింటికి పేజీ కింద ‘వీటిలో రెండు తప్పున్నాయి, ఏవో కనిపెట్టి దిద్దుకురా’ అని రాస్తే వెతికే పని పిల్లది అవుతుంది. తర్వాతి పీరియడ్లో అయిదు నిమిషాలు దిద్దుకోవడానికి ఇవ్వండి. ఆ అయిదు నిమిషాలు లేకపోతే వ్యాఖ్య రాసినా రాయకపోయినా ఒకటే. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యమధ్యలో చేసే మూల్యాంకనం) మార్కులు వెయ్యక తప్పదు కాబట్టి అవి మీ రిజిస్టర్లో వేసుకోండి, నోటుబుక్కు మీద వ్యాఖ్యతో ముందు ఇచ్చేసి, మార్కు మర్నాడు చెప్పండి.

ఎఫ్ఏల గురించి హెడ్‌మాస్టారితో గొడవ పెట్టుకోవద్దు, అవసరం కూడా లేదు. ఎఫ్ఏ అంటే భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, స్లిప్ టెస్టు అని నాలుగు పెట్టింది ఇదంతా రోజువారీగా జరగాలనే. విద్యాహక్కు చట్టం 2009, 29వ సెక్షన్ కూడా పిల్లల్ని భయపెట్టకుండా నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చెయ్యమనే అంటుంది. మన చేతుల్లో పడి అది ఏడాదికి నాలుగు చిన్న పరీక్షలయింది. మీ చీటీల కుప్పలు మొదటి అంశానికి రుజువు, ఎవరైనా తనిఖీకి వస్తే చూపించండి. ప్రాజెక్టుల విషయం మాత్రం గట్టిగా ఉండండి. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి రంగు కాగితం అంటించినవి చూడగానే తెలిసిపోతాయి. తిట్టక్కర్లేదు, ‘ఈ బొమ్మలో ఈ కోణం ఎంతో ఎలా కొలిచావు?’ అని రెండు ప్రశ్నలడిగి, ఆ జవాబులకే మార్కులు వెయ్యండి. రెండో ఎఫ్ఏకి ప్రింట్లు తగ్గుతాయి.

వారం వారం టెస్టు పెట్టరేమన్న పెద్దాయన మాటలో సగం నిజముంది. అటు విజయవాడ, ఇటు గుంటూరు, టెస్టులూ ర్యాంకులూ చూసి పెరిగిన ఊళ్లు. ఆయన అలా అడగడం సహజం. తరచూ గుర్తుచేసుకుని రాయడం మంచిదే. అమెరికాలో రోడిగర్, కార్పిక్ 2006లో చేసిన ప్రయోగంలో ఒక జట్టు పాఠం రెండోసారి చదువుకుంది, ఇంకో జట్టు చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదువుకున్నవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే చదువుకున్నవాళ్లకి 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 56 శాతం. ఇందులో ర్యాంకు ఎక్కడా లేదు, మేలు చేసింది గుర్తుచేసుకోవడం. మీరు రోజూ మొదట మూడు ప్రశ్నలు పెట్టండి: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. పుస్తకం మూసి రాయాలి, ఎవరిది వాళ్లే దిద్దుకోవాలి, మార్కు చెప్పక్కర్లేదు. ఆయన మళ్లీ వస్తే ‘వారానికి ఒకటి కాదండీ, రోజూ పెడుతున్నాను’ అని చెప్పి వాళ్లబ్బాయి మూడు చీటీలు చేతిలో పెట్టండి. పోయిన నెల ఎక్కడ ఆగాడో, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చాడో ఆయనే చూస్తారు. నలభై రెండులో పదిహేడో ర్యాంకు అంటే అందులో ఆయనకి ఏం తెలుస్తుంది?

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి వారం వేళ్ల ప్రశ్న, అయిదు లెక్కపెట్టడం, అంతే. ఒక్క ఎనిమిదో తరగతిలోనే చెయ్యండి, మిగతా సెక్షన్లు మామూలుగా నడవనివ్వండి. రెండో వారం చీటీలు కలపండి. జట్లు, నోటుబుక్కుల మార్పు తర్వాత. 1/3 + 1/4 ని 2/7 అనేవాళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి, చాలామంది తేలతారు, అది ఒక పీరియడ్లో తెమిలేది కాదు, సంక్రాంతి సెలవులయ్యాక వారం రోజులు దానికే పెట్టుకోండి. మీకు మూడో కుప్ప, అంటే మొదలే పెట్టలేనివాళ్ల కుప్ప, నెల తర్వాత కూడా తగ్గకపోతే ఆ చీటీలు కొన్ని, పేర్లు కొట్టేసి, నాకు పంపండి. ప్రశ్న కూడా రాయడం మర్చిపోవద్దు.